ఆమదాలవలస నుండి కళింగపట్నం దాకా: చూడవలసిన చరిత్ర

మా కళాశాలలో చదివి విదేశంలో ఉద్యోగం చేస్తున్న ఒక పూర్వ విద్యార్థి సెలవుపై వచ్చినప్పుడు, తాను కుటుంబ సమేతంగా కారులో ఐరోపా ఖండంలో చేసిన యాత్రావిశేషాలను మాకు వివరించినారు. పారిస్‌లోని లూవ్రు ప్రదర్శనశాల, రోములోని కొలోసియం, దారి పొడుగునా కనిపించే కోటలు, ఆ కోటల వద్ద సందర్శకుల కొరకు ఉంచిన వివరణ పత్రాలు, అన్నింటి చిత్రాలను చూపినారు. మేమంతా ఆనందించినాము. చివర ఆయన ఒక ప్రశ్న వేసినారు. ‘మన ఆమదాలవలసలో పొద్దున్నే బయలుదేరి రాత్రి భోజనం వేళకు తిరిగి రాగలిగినంత దూరంలో చూడదగిన చారిత్రక స్థలములెన్ని? పేర్లు చెప్పండి’ అన్నారు. వెనుక బల్ల నుండి ఒకరు ‘అరసవల్లి’ అన్నారు. ఇంకొకరు ‘శ్రీకూర్మం’ అన్నారు. తరువాత సభ నిశ్శబ్దమైపోయినది.

ఆ నిశ్శబ్దమే మమ్ములను ఇల్లు కదిలించినది. రెండు ఆదివారములు ఒక వ్యానును అద్దెకు తీసుకొని, ఉర్దూ విభాగం నుండి కొందరు, తెలుగు విభాగం నుండి కొందరు, ఇద్దరు అధ్యాపకులు కలిసి ప్రయాణం చేసినాము. ఏమి చూచినామో చెప్పుటకంటె, చూడవలసిన విధమేమిటో వివరించుటకే ఈ వ్యాసం వ్రాయుచున్నాము. రాతిని చూచినంత మాత్రాన చరిత్ర కనిపించదని మాకు మొదటి మజిలీలోనే తెలిసివచ్చినది.

ఆ మొదటి మజిలీ దంతవరపుకోట. ఆమదాలవలసకు దాపుననే, సరుబుజ్జిలి మండలంలో ఉన్నది. కోట అనగానే బురుజులు, రాతిగోడలు, ఫిరంగులు ఉండునని మాలో పలువురు ఊహించుకొన్నారు. అక్కడ కనిపించినది గడ్డి మొలచిన పొడవైన మట్టిదిబ్బ. మా జూనియర్లలో ఒకరు ‘కోట ఎక్కడున్నది?’ అని అడిగినప్పుడు వారు ఆ కోటగోడ మీదనే నిలబడి ఉన్నారు! ప్రాచీన కాలంలో నగరం చుట్టూ మట్టితో ఎత్తైన కట్ట పోసి, దాని వెలుపల కందకం త్రవ్వేవారు. వందల ఏండ్ల వానలకు కట్ట అరిగి దిబ్బయై, కందకం పూడి పల్లపు పొలమై మిగులుతుంది. అటువంటి చోట దూరంగా నిలబడి ఎత్తుపల్లాల తీరును చూడవలెను. నేల రంగు చుట్టుప్రక్కల పొలాల మట్టికంటె భిన్నంగా బూడిద కలిసినట్లున్నదా, దున్నిన చాళ్ళలో కుండపెంకులు తేలుచున్నవా, నేటి ఇటుకలకంటె బాగా పెద్దవైన ఇటుకల ముక్కలున్నవా అని పరిశీలించవలెను. ఇవన్నీ ఒకచోట కనిపించినచో అది పూర్వం జనావాసమని అనుకొనవచ్చును.

దంతపురమను పేరు ప్రాచీన వాఙ్మయంలో కళింగ రాజధానిగా ప్రసిద్ధమైనది. బుద్ధుని దంతధాతువును ఇక్కడ పూజించేవారని, క్రీ.శ. 4వ శతాబ్దిలో గుహశివుడను రాజు శత్రుభయం వలన దానిని సింహళమునకు పంపదలచెనని, ఆయన కుమార్తె హేమమాల దానిని తన కొప్పులో దాచుకొని, భర్తతో కలిసి సముద్రం దాటెనని దాఠావంశమను పాళీ గ్రంథం తెలుపుచున్నది. ఆ దంతధాతువుగా భావింపబడుచున్నది నేడు శ్రీలంకలోని క్యాండీ ఆలయంలో ఉన్నది. దాని దర్శనమునకు దేశదేశాల నుండి జనం వచ్చెదరు. దంతపురమంటే ఈ దంతవరపుకోటయే అని కొందరు పండితులు, ఒడిశాలోని పూరీ అని కొందరు, బెంగాలులోని దాంతన్ అని మరికొందరు వాదించినారు. మా ఊరి ప్రక్కదే కావలెనని మాకు అభిమానముండుట సహజమే. కాని అభిమానం ప్రమాణం కాదు. ఇక్కడ పురావస్తు త్రవ్వకములు జరిగినవి, ప్రాచీన అవశేషములు బయల్పడినవి. పేరును గురించిన తగవు తీరినా తీరకున్నా, ఈ దిబ్బ క్రింద ఒక నగరమున్నదనుట నిజం.

ఇక్కడనే ఒక సంఘటన జరిగినది. మాలో ఒకరు నల్లగా, నున్నగా మెరయుచున్న ఒక కుండపెంకును తీసి జేబులో వేసికొన్నారు. పశువులను మేపుకొనుచున్న ఒక పెద్దాయన చూచి, ‘బాబూ, మా చిన్నప్పుడు ఈ కట్ట తాటిచెట్టు పాటి ఎత్తుండేది. ఒకరు బండెడు మట్టి తోలుకుపోతే ఇంకొకరు జేబెడు పట్టుకుపోతారు’ అన్నారు. తాటిచెట్టు మాట కొంత అతిశయోక్తి కావచ్చును గాని, ఆ మాటకు మా మిత్రుని ముఖం వాడిపోయినది. పెంకు ఎక్కడ దొరికెనో అక్కడనే పెట్టివేసినారు. దీనిలోని కారణం విద్యార్థులు తెలిసికొనవలెను. పురావస్తు శాస్త్రంలో వస్తువు విలువ సగం దానిదైతే, సగం అది దొరికిన చోటిది. ఏ పొరలో, దేని ప్రక్కన, ఎంత లోతున దొరికెనో తెలియని పెంకు పేజీ సంఖ్య లేని చిరిగిన కాగితం వంటిది. పొలంలో నాణెముల వంటి నిక్షేపం దొరికినచో కలెక్టరుకు తెలియజేయవలెనని 1878వ సంవత్సరపు చట్టం చెప్పుచున్నది. ప్రాచీన శిల్పములు మొదలైన వాటిని దేశం దాటించరాదని 1972వ సంవత్సరపు చట్టం చెప్పుచున్నది. మట్టికట్టను కాపాడుటకు మాత్రం చట్టంతో పాటు ఆ పెద్దాయన వంటి కన్ను కూడ కావలెను.

తిరిగి వచ్చునప్పుడు మా ఊరి సంగమయ్య కొండను కూడ వేరే కన్నుతో చూచినాము. జాతర వేళ చెరుకుగడలు కొనుక్కొనుటకే మాకు తెలిసిన ఆ కొండపై జైన అవశేషములున్నవి. ఒకప్పుడు ఈ ప్రాంతంలో జైనులు, బౌద్ధులు, శైవులు, వైష్ణవులు అందరును నివసించినారని దానిని బట్టి గ్రహించవలెను.

అదే రోజు మధ్యాహ్నం శ్రీముఖలింగం చేరినాము. వంశధార ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరు ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని యగు కళింగనగరం. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయములు మూడును ఇక్కడ కలవు. ఇప్పచెట్టు మొదలులో శివుడు వెలసెనని స్థలపురాణం. ఇప్పకు సంస్కృతంలో మధూకమని పేరు. శిల్పముల సౌందర్యమును వర్ణించుటకు మాకు శక్తి చాలదు. సోమేశ్వరాలయం ముందు నిలబడి ఒడిశా ఆలయముల చిత్రములను జ్ఞప్తికి తెచ్చుకొన్నచో ఆ పోలిక తనంతట తానే తెలియును. కారణం సులభమే. ఈ వంశపు రాజైన అనంతవర్మ చోడగంగదేవుడు (1078–1147) రాజ్యమును ఉత్తరమునకు విస్తరింపజేసి, పూరీ జగన్నాథాలయ నిర్మాణమునకు పూనుకొన్నాడు. గాంగుల రాజధాని తరువాత కటకమునకు మారినది. అనగా మనము ఒడిశా శైలి అని పిలుచుచున్న దానికి సంబంధించిన తొలి మెట్లలో కొన్ని మన జిల్లాలో ఉన్నవి.

ఇది కళింగనగరమని శాసనముల ఆధారంతో నిరూపించిన వారెవరు? ఈ ఊరికి చేరువనున్న పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉండి, చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చినందున, ఎవరి శిక్షణయు లేకయే ప్రాచీన లిపులను నేర్చుకొని ఈ ఆలయ శాసనములను చదివినారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా, సవరభాషా పండితులుగా వారిని అందరును ఎరుగుదురు. శాసన పరిశోధకులుగా ఎరిగినవారు తక్కువ. (వారి జిల్లావారమై యుండి మేమింకను ఇటువంటి భాషలో వ్యాసములు వ్రాయుచున్నందుకు వారు తప్పక కోపగించుకొనేవారు. పత్రిక సంప్రదాయమని విన్నవించుకొనుచున్నాము.)

రెండవ ఆదివారం శ్రీకాకుళంలోని జామియా మసీదుతో ఆరంభమైనది. మా రైలు స్టేషను పేరు ‘శ్రీకాకుళం రోడ్డు’ అయినను, శ్రీకాకుళం వెళ్ళవలెనంటే ఇంకను రోడ్డు పట్టుకొని పోవలసినదే! ఆంగ్లేయులు చికాకోల్ అనియు, మా ఇండ్లలో పెద్దలు సికాకోల్ అనియు పిలిచే ఈ పట్టణం గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఒక సర్కారుకు ముఖ్యస్థానం. 17వ శతాబ్ది నడుమ, ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాను ఈ మసీదును నిర్మింపజేసినాడు. 1687లో గోల్కొండ మొగలుల వశమైన పిమ్మట కూడ ఫౌజుదారుల పాలన సాగినది. వారిలో అన్వరుద్దీన్ ఖాను తరువాత ఆర్కాటు నవాబై, 1749లో ఆంబూరు యుద్ధంలో మరణించినాడు. 1753లో ఈ సర్కారులు ఫ్రెంచివారికి ఈయబడినవి. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధం ఆ పరిణామమునకు చెందినదే. తరువాత పది పన్నెండేండ్లలో అంతయు ఆంగ్ల కంపెనీ చేతిలోనికి పోయినది.

మసీదును గోల్కొండ కట్టడములతో పోల్చి చూడవలెను. మినార్ల తీరు, కమానుల వంపు, సున్నపు పనితనము మొదలైనవి చూచి, హైదరాబాదు నుండి ఇంత దూరం వచ్చిన పనివారు ఏమి వెంట తెచ్చిరో, ఇక్కడివారి నుండి ఏమి నేర్చుకొనిరో ఆలోచించవలెను. మా ఉర్దూ విద్యార్థులు వరండాలో కూర్చుండి తెలుగు విద్యార్థులకు ఫారసీ లిపి తీరును, పైన క్రింద చుక్కలు తారుమారైతే మాట ఎట్లు మారునో చెప్పుచుండగా, నమాజుకు వచ్చిన పెద్దలు కూడ కొంతసేపు కూర్చున్నారు.

తేదీల విషయం కొంత విడమరచి చెప్పవలెను. చారిత్రక స్థలములకు పోయేవారు ఎక్కువగా తికమకపడునది ఇక్కడనే. ఆలయ శాసనములలో శాలివాహన శకం ఉండును. దానికి 78 కలిపినచో సుమారుగా క్రీస్తు సంవత్సరం వచ్చును. గాంగుల తొలి తామ్రశాసనములలో వారి స్వంత శకమున్నది, అది క్రీ.శ. 5వ శతాబ్ది చివర ఆరంభమైనదని పండితుల అభిప్రాయం. మసీదులలోను, గోరీలపైనను హిజరీ ఉండును. చాంద్రమాన సంవత్సరం చిన్నది కావున ఊరక కలిపినచో సరిపోదు. నూటికి మూడు చొప్పున తగ్గించి 622 కలుపవలెను. హిజరీ 1051 అనుకొందము. దానిలో నూటికి మూడు, అనగా సుమారు 31 తీసివేయగా 1020; 622 కలుపగా 1642. ఒక సంవత్సరం అటునిటు కావచ్చును. పాత రెవిన్యూ కాగితములలో ఫసలీ ఉండును. దానికి 590 కలిపితే చాలును.

ఇంతకంటె రుచికరమైన సంగతి మరొకటి ఉన్నది. శాసనకర్తలు అంకెలను మాటలలో దాచేవారు. సంస్కృత పద్ధతిలో చంద్రుడంటే 1, నేత్రములంటే 2, వేదములంటే 4, బాణములంటే 5, ఆకాశమంటే సున్న. కుడినుండి ఎడమకు చదువుకొనవలెను. ‘వేద, బాణ, ఆకాశ, చంద్ర’ అన్నచో 4, 5, 0, 1, త్రిప్పిన 1054. అది శకవర్షమైతే క్రీ.శ. 1132, చోడగంగదేవుని కాలం. ఫారసీ, అరబ్బీ పద్ధతిలో అబ్జద్ లెక్క ఉన్నది: అలిఫ్ 1, బే 2, జీమ్ 3, ఇట్లు ప్రతి అక్షరమునకు ఒక విలువ. బిస్మిల్లా వాక్యపు అక్షరముల విలువ కూడినచో 786 వచ్చునని అందరికిని తెలిసినదే. కవి ఒక అందమైన పదబంధం కూర్చి, దాని అక్షరముల మొత్తంలో మసీదు కట్టిన సంవత్సరమును నిక్షేపించును. వ్యానులో వెనుక సీటువారు ఒకరినొకరు ఈ లెక్కలతో పరీక్షించుకొనుటతో అరసవల్లి వచ్చినదే తెలియలేదు.

అరసవల్లి సూర్యదేవాలయమును గూర్చి పాఠకులకు విశేషంగా చెప్ప నక్కరలేదు. మార్చి, అక్టోబరు మాసములలో కొన్ని ఉదయములందు సూర్యకిరణములు స్వామి పాదములను తాకును. నల్లరాతి విగ్రహము, ఏడు గుఱ్ఱముల రథము, వీటిని జ్ఞాపకముంచుకొని ముందుకు సాగవలెను. ఎందుకో సాలిహుండంలో తెలియును.

శ్రీకూర్మం దేశంలోనే అరుదైన కూర్మావతార క్షేత్రం. స్వామి పడమటి ముఖముగా నుండుట వలన రెండు ధ్వజస్తంభములున్నవి. చరిత్ర విద్యార్థికి మాత్రం అక్కడి స్తంభములే గ్రంథాలయం. వాటిపై శతాబ్దముల తరబడి దానశాసనములు చెక్కించినారు. అఖండ దీపమునకు ఇన్ని గొఱ్ఱెలు, నివేదనకు ఇంత భూమి, ఇన్ని మాడలు అని లెక్కలున్నవి. 13వ శతాబ్ది చివర కళింగంలో అధికారమును నెరపిన మాధ్వయతి నరహరితీర్థుల శాసనములును ఇక్కడ కలవు. ఈ శాసనముల పాఠమును దక్షిణ భారత శాసన సంపుటములలో ప్రకటించినారు. శాసనమును చదువగోరువారు దానిపై సుద్ద పూయరాదు, నూనె రాయరాదు. ఉదయముననో సాయంకాలముననో ఏటవాలుగా వెలుతురు పడునప్పుడు అక్షరముల గాళ్ళలో నీడ నిలుచును; అప్పుడు ఫొటో తీసినచో మధ్యాహ్నం కనిపించని అక్షరములు కూడ కనిపించును. మేము మిట్టమధ్యాహ్నం వెళ్ళి సగం పోగొట్టుకొన్నాము.

సాలిహుండం వంశధార దక్షిణపు ఒడ్డున, కళింగపట్నమునకు కొన్ని మైళ్ళ ఇవతల ఉన్న కొండ. 1919లో ఈ బౌద్ధక్షేత్రమును లోకమునకు తెలియజేసినవారు మరల గిడుగువారే. తరువాత పురావస్తు శాఖవారు పలుమార్లు త్రవ్వకములు జరిపినారు. మెట్లెక్కి పోవుచుండగా ఇటుక స్తూపములు, చైత్యములు, విహారముల పునాదులు ఒకదాని తరువాత ఒకటి కనిపించును. క్రీస్తుకు పూర్వమే ఆరంభమై వెయ్యేండ్లకు పైగా ఇక్కడ బౌద్ధం నిలిచినది. ఆ కాలగమనమును కొండయే చెప్పును. తొలినాటి స్తూపములలో బుద్ధుని ప్రతిమ లేదు. తరువాత ప్రతిమలు వచ్చినవి. ఆపైన తార, మారీచి వంటి దేవతలు వచ్చినారు. అనగా హీనయానము, మహాయానము, వజ్రయానము అను మూడు దశలను పుస్తకంలో కంఠస్థం చేయుటకు బదులు కాలినడకన చూడవచ్చును.

మారీచి ఉషస్సుకు దేవత. ఆమె రథమును సాధారణంగా ఏడు వరాహములు లాగుచుండును. ఆ ఉదయమే అరసవల్లిలో సప్తాశ్వ రథారూఢుడైన సూర్యుని చూచివచ్చిన మాకు ఆ ఏడు సంఖ్య వెంటనే తట్టినది. ఇంత దగ్గరలో, రెండు మతములవారు ఉదయకాలపు వెలుగును రెండు రథములలో ఊహించుకొన్నారు. ఎవరు ఎవరి నుండి గ్రహించిరను వాదమును మా అధ్యాపకులే తేల్చలేదు, మేమెంతవారము?

ఇక ప్రదర్శనశాలల మాట. త్రవ్విన చోటనే శిల్పములను భద్రపరచుట మంచిదని మా అభిప్రాయం. కొండ ఎక్కి, నది చూచి, ఆ గాలిలో తారను చూచుట వేరు. పట్టణంలో గాజు అద్దము వెనుక చూచుట వేరు. అయితే అన్నింటికిని ఆ అదృష్టం పట్టలేదు. అమరావతి స్తూపపు సున్నపురాతి ఫలకములను 1845లో త్రవ్వించిన వాల్టర్ ఇలియట్ ఆనాడు మన ఉత్తర సర్కారుల కమిషనరే. ఆ ఫలకములు మదరాసులో ఎండకు వానకు కొన్నేండ్లు పడియుండి, పెక్కు 1859లో లండనుకు పంపబడినవి. ఇప్పుడు బ్రిటిషు మ్యూజియంలో అమరావతి చూచుటకు గుంటూరువారు విమానమెక్కవలెను. దీనికి విరుద్ధమైన ఉదాహరణ హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్న మేలిముసుగు రెబెకా విగ్రహమును చూచుటకు మనము ఐరోపా పోనక్కరలేదు. ఒకటి కొని తెచ్చినది, ఒకటి అడుగక కొనిపోయినది. రెండింటిని ఒకే త్రాసులో వేయరాదు. కాని అమరావతి ఫలకములు త్రవ్విన చోటనే మిగిలియుండిన ఏమగునో అని కూడ ఆలోచించవలెను. అప్పటికే ఊరివారు, జమీందారు మనుషులు ఆ రాళ్ళను ఇండ్లకు, మెట్లకు వాడుకొనియుండిరి. దంతవరపుకోటలో ఆ పెద్దాయన చెప్పిన మాట మాకు మరల జ్ఞప్తికి వచ్చినది.

మేము వెళ్ళిన చోట్లలో ఒక ప్రదర్శనశాల తలుపునకు తాళమున్నది. ఊరి పేరు వ్రాయము. కిటికీ ఊచల గుండా ఒక విగ్రహపు మోచేయి మాత్రం చూచి వచ్చినాము. ముందుగా ఉత్తరం వ్రాసి, పనిదినములు తెలిసికొని పోవలెనని తరువాతి బ్యాచివారికి మా సలహా.

కళింగపట్నం చేరుసరికి ప్రొద్దు వాలినది. ఒకప్పుడు ఓడలు నిలిచిన రేవిది. రైలుమార్గం వచ్చిన పిమ్మట వ్యాపారం తరలిపోయినది. ఇప్పుడు దీపస్తంభము, ఇసుక, చేపల వలలు. హేమమాల ఓడ ఎక్కిన రేవు ఇది కావచ్చునా అని ఒకరు అడిగినారు. ఎవరును అవుననలేదు, కాదనలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ప్రతి సంవత్సరం రెండు ఆదివారములకు వ్యాను అద్దె, గ్రంథాలయంలో ఒక బీరువా, ఇంతే మేము కోరునవి. బీరువా ఎందుకనగా, ఈ యాత్ర పూర్తియైన మరుసటి వారమే మా తోటి విద్యార్థిని యొకరు తమ నాయనమ్మగారి ట్రంకు పెట్టెలోని కాగితముల కట్టను తెచ్చినారు. ఇంటిలో ఎవరికిని చదువరానందున వానిని నాగావళిలో కలుపుటకు నిశ్చయించుకొని యుండిరట. కట్ట అంచులను చెదలు తిన్నవి. ఒక కాగితంపై గుండ్రని ముద్ర, శికస్తా వ్రాత ఉన్నవి. ఉర్దూ అధ్యాపకులు భూతద్దంతో కూర్చుండి, ఫసలీ 1160 అను సంవత్సరమును, మసీదు దీపమునకు ఇచ్చిన భూమి అను మాటను చదివినారు. అనగా 1750 ప్రాంతం. వెనుకవైపు త్రిప్పగా తెలుగు గొలుసుకట్టు వ్రాత. దానిని ఉర్దూవారు చదువలేరు. మా తెలుగు విద్యార్థులును చదువలేరు. చివరకు కరణీకం చేసిన వంశంలోని ఒక తాతగారిని కళాశాలకు తోడ్కొని వచ్చినాము. ఆయన కళ్ళజోడు సరిచేసుకొని, పొలం హద్దులను తూర్పు నుండి వరుసగా చదివినారు. ముందువైపు ఫారసీలో తెలియక ఆగిన గ్రామం పేరు వెనుక తెలుగులో స్పష్టంగా ఉన్నది. వెనుక తెలుగులో చెరిగిన కొలత ముందు ఫారసీలో మిగిలియున్నది. ఉత్తరపు హద్దు గల వరుసను మాత్రం చెదలు తిన్నవి. కట్టలో ఇంకను పదకొండు కాగితములున్నవి. తాతగారు వచ్చే శుక్రవారం నమాజు వేళ దాటిన తరువాత వచ్చెదమన్నారు.